పక్కన కూర్చోబెట్టుకునే భక్తి

అమ్మణ్ణీ, ఇట్ల దగ్గరికొచ్చి కూర్చో. దుప్పటి కాళ్ల మీదికి లాక్కో. మొగిలి ఘాటెక్కి పలమనేరు సీమకు వస్తే డిసెంబరు చలి ఎముకల్లోకి దిగుతుంది. మీరు కూడా రండి నాయనా, ఫోన్లు పక్కన పెట్టి మంట చుట్టూ కూర్చోండి. పొద్దున ఆరాధన అయినాక మీ అక్క నన్నొక ప్రశ్న అడిగింది. దాని జవాబు మీకందరికీ కావల్సిందే.

తను ఏమడిగిందంటే: "తాతా, డాలస్‌లో మేముండేచోట ఒక చర్చిలో ఒక పార్టీ గెలవాలని ప్రార్థన చేస్తారు. రోడ్డు దాటితే ఇంకో చర్చిలో ఇంకో పార్టీ కోసం చేస్తారు. రెండుచోట్లా అదే బైబిలు. మరి యేసు ఎవరి పక్కనున్నట్టు?"

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పి పంపించచ్చు. కానీ ఒక్క మాట మనసులో నిలవదు. మన జిల్లాకు అమెరికా దొరలు వచ్చిన కాలం నుంచి మొదలుపెట్టి చెప్తా. నేను బళ్లో తెలుగు అయివోరిగా బతికినోణ్ణి, కథ మొదటినుంచీ చెప్పందే నాకు తోచదు.

1853. ఆ ఏడాది గుర్తుపెట్టుకోండి. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అంతా ఉత్తరార్కాడు జిల్లా, దానికి కచేరీ ఊరు చిత్తూరు. మనకు వేరే జిల్లా ఏర్పడింది 1911లో. ఆ 1853లోనే స్కడ్డర్ అన్నదమ్ములు ముగ్గురు, హెన్రీ మార్టిన్, విలియం, జోసెఫ్, ఆర్కాటు మిషన్ మొదలుపెట్టినారు. వాళ్ల నాయన జాన్ స్కడ్డర్ 1819లోనే న్యూయార్కులో డాక్టరు పని వదులుకుని సిలోనుకు ఓడెక్కినాడు. ఆ కుటుంబం తరాల తరబడి ఈ సీమలోనే ఉండిపోయింది. వేలూరు పెద్దాసుపత్రి కట్టిన ఐడా స్కడ్డరమ్మ ఆయన మనవరాలే. మన పలమనేరు, మదనపల్లె, పుంగనూరుల్లో పాతకాలపు రాతి చర్చీ, మిషన్ బంగళా, బోర్డింగూ కనబడితే వాటి వెనక ఉండేది ఆ మిషనే.

అదే 1853లో మన పక్కనుండే నెల్లూరు గురించి అమెరికాలో పెద్ద వాదన నడిచింది. బాప్టిస్టుల మిషన్ నెల్లూరుకొచ్చి పదేళ్లు దాటినా నమ్మినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ అనే ఊళ్లో బాప్టిస్టు పెద్దలు సభ పెట్టుకుని, ఖర్చు దండగ, ఆ మిషన్ మూసేద్దామన్నారు. గోడమీద పటంలో మిషన్లన్నీ చుక్కలుగా గుర్తుపెట్టి ఉంటే నెల్లూరు చుక్క ఒక్కటే దిక్కులేకుండా కనబడింది. దాన్ని చూసి ఎవరో ఒంటిచుక్క అన్నారు. ఆ మాట విన్న ఒక కవి ఆ రాత్రి నిద్రపోకుండా ఆ చుక్క మీద పద్యం రాసినాడు. మర్నాడు దాన్ని చదివితే సభలో వాళ్ల మనసు మారిపోయింది. నెల్లూరు మిషన్ నిలిచింది. అప్పటినుంచి ఇప్పటిదాకా దాన్ని లోన్ స్టార్ మిషన్ అనే అంటారు.

ఆ కవి పేరు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్. ఆయన పాస్టరు. అమెరికా బడిపిల్లలంతా పాడే దేశభక్తి పాట, 'అమెరికా' అనే పాట, రాసింది ఆయనే. దాన్ని 1831 జులై 4న బోస్టన్‌లో ఒక చర్చిలో పిల్లలు మొదటిసారి పాడినారు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మన దగ్గరికి దయతో మనుషుల్ని పంపిన ఆ దేశం అప్పుడు ఎట్లుండిందో కూడా చెప్పాల. 1853 నాటికి ఆ దేశంలో లక్షలమంది నల్లవాళ్లు బానిసలు. తల్లిని ఒక ఊళ్లో అమ్మితే బిడ్డను ఇంకో ఊళ్లో అమ్మేవాళ్లు. హేరియెట్ బీచర్ స్టో అనే ఆమె 'అంకుల్ టామ్స్ క్యాబిన్' రాసి అంతకు ముందు ఏడాదే అచ్చేసింది. ఆమె పాస్టరు కూతురు, పాస్టర్లకు అక్కచెల్లెలు. దేవుడి బిడ్డను సంతలో అమ్ముతారా అని ఆ నవల దేశాన్నంతా నిలదీసింది.

చర్చిలైతే అప్పటికే చీలిపోయినాయి. బానిసల యజమాని మిషనరీగా పోవచ్చా అనే మాట మీదే 1845లో బాప్టిస్టులు ఉత్తరం, దక్షిణం అని రెండుగా విడిపోయినారు. దక్షిణం వాళ్లు పోవచ్చన్నారు. బానిసత్వం న్యాయమేనని ప్రసంగపీఠం నుంచే బోధించినారు, బైబిలు వచనాలు చూపించి మరీ. అదే 1845లో ఫ్రెడరిక్ డగ్లస్ తన ఆత్మకథ అచ్చేసినాడు. బానిసగా పుట్టి, దొంగతనంగా అక్షరాలు నేర్చుకుని, పారిపోయి స్వేచ్ఛ తెచ్చుకున్నాయన ఆయన. ఆ పుస్తకం చివర ఒక మాట తేటతెల్లంగా రాసినాడు: క్రీస్తు చూపిన మతం వేరు, ఈ దేశంలో కొరడా పట్టుకున్నవాళ్ల మతం వేరు, మొదటిదాన్ని ప్రేమించేవాడు రెండోదాన్ని అసహ్యించుకోక తప్పదు అని. ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో ఆ పుస్తకం చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. చిన్నప్పటినుంచి నా లోపల ఉన్న ప్రశ్నకు ఎవరో నా తరఫున జవాబు చెప్పినట్టయింది.

అమ్మణ్ణీ, నువ్వు అడిగిన ప్రశ్న కొత్తది కాదు. అబ్రహాం లింకనే అడిగినాడు. 1865 మార్చిలో, యుద్ధం ముగిసేముందు, రెండోసారి అధ్యక్షుడైనప్పుడు చేసిన ప్రసంగంలో ఇదే అన్నాడు: రెండు పక్షాలూ అదే బైబిలు చదువుతున్నాయి, అదే దేవుడికి మొక్కుతున్నాయి అని. వాన అందరి చేల మీదా ఒకటే కురుస్తుంది. దున్నిపెట్టుకున్న చేనే దాన్ని లోపలికి తీసుకుంటుంది. వాక్యం కూడా అంతే. మనసు గట్టిపడిపోయినవాడి మీద ఎంత వాక్యం పడినా పక్కకు పారిపోతుంది.

ఒరే, ఆ మోటు కట్టెను కొంచెం లోపలికి తొయ్. ఆఁ, చాలు.

ఇప్పుడు మన ఊళ్ల కథ. జేకబ్ చాంబర్లేన్ దొర 1860లో మద్రాసులో ఓడ దిగినాడు. తెలుగు నేర్చుకుని పలమనేరులో, ఆ తర్వాత మదనపల్లెలో కాపురం పెట్టినాడు. ఆయన పాస్టరూ, డాక్టరూ. 1863లో బండ్లు కట్టుకుని మదనపల్లె నుంచి ఉత్తరానికి బయలుదేరి, హైదరాబాదు రాజ్యం దాటి, గోదావరి అడవుల దాకా పోయినాడు. పన్నెండువందల మైళ్ల ప్రయాణం. ఒక పక్క మందులు, ఇంకో పక్క తెలుగు సువార్త పుస్తకాలు. ఆ ప్రయాణాల కథలన్నీ 'ఇన్ ద టైగర్ జంగిల్' అని 1896లో పుస్తకంగా వేస్తే, అమెరికాలో ఇళ్లల్లో పిల్లలు కూర్చుని మన అడవుల గురించి చదువుకున్నారు. తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఏళ్ల తరబడి ఆయనే పెద్దగా ఉన్నాడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూసినాడు.

ఆయన అడవుల్లో తిరిగిన ఆ 1863లోనే, జనవరి ఒకటో తేదీన, లింకన్ బానిసల విమోచన ప్రకటన మీద సంతకం పెట్టినాడు. ఆ ప్రకటనకూ చాంబర్లేన్ బండికీ ఏ సంబంధమూ లేదనిపిస్తుంది. కానీ మా ముత్తాత లాంటి వాళ్లకు ఆ రెండూ ఒకే సంగతి. ఊరి బావి దగ్గరికి పోకూడని మనిషి నాడి పట్టుకుని చూసిన డాక్టరు ఆ కాలంలో ఎవరుండినారు? ముట్టుకుని వైద్యం చేసినాడు దొర అని మా ముత్తాత చెప్పేవాడంట. మా ఇంట్లో క్రైస్తవం మొదలైంది బోధతో కాదు నాయనా, తాకిన చేత్తో.

నిజం చెప్పేటప్పుడు రెండో పక్కా చెప్పాల. ఆ కాలంలో మిషనరీలు రాసిన పుస్తకాల్లో మన దేశమంతా చీకటి అని, మన దేవుళ్లంతా రాళ్లని రాతలుంటాయి. వేమన పుట్టిన నేలను, అన్నమయ్య పాడిన కొండను చీకటి అంటే తెలుగు చదువుకున్న నాకు కడుపు రగిలిపోతుంది. మనిషిని ప్రేమించి, ఆ మనిషి తల్లి నేర్పిన పాటను చిన్నచూపు చూస్తే ఆ ప్రేమ సగమే అయినట్టు.

ఆ తర్వాత ధాత కరువు. 1876 నుంచి 1878. మా చిన్నప్పుడు ముసలోళ్లు ఆ పేరు చెప్తేనే గొంతు తగ్గించేవాళ్లు. రాయలసీమా, నెల్లూరూ, ఒంగోలూ ఎండిపోయి జనం దారుల్లోనే పడిపోయినారు. ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికా బాప్టిస్టు దొర ఉండినాడు. మిషనరీ కాకముందు భూములు కొలిచే సర్వే పని చేసినోడు. ఆ విద్య ఇప్పుడు పనికొచ్చింది. సర్కారు తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించినాడు. బిచ్చం పెట్టలేదు, పనిచ్చి కూలి ఇచ్చినాడు.

నేను ఎక్కువగా మెచ్చుకునేది దాని తర్వాత చేసింది. కరువు పనులు నడిచినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇయ్యలేదు. కూటి కోసం కలిసినారనే మాట రాకూడదని అడిగినవాళ్లను కూడా ఆపినాడు. పనులు అయిపోయి, పంచేందుకు ఇంకేమీ లేదని తేలినాకనే తలుపు తీసినాడు. అప్పటికీ జనం వచ్చినారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2222 మంది. మూసేద్దామనుకున్న ఒంటిచుక్క మిషన్ అది! ఎక్కువమంది మాదిగోళ్లు. ఊరు బయట ఉండమన్న మనుషులు ఏటి నడుమ నిలబడి పేరు పెట్టి పిలిపించుకున్నారు. వాళ్లు అన్నానికి అమ్ముడుపోయినారని ఇప్పటికీ కొందరంటారు. అన్నం పెట్టడం అయిపోయినాకనే వచ్చినారని ఎవరైనా అట్ల అంటే చెప్పండి.

ఇంక మన తిరపతి ముచ్చట. ఇది మీకందరికీ తెలిసిన పెద్దమనిషిది, కానీ ఆయన చదువు సంగతి చాలామందికి తెలీదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో పుట్టినాడు. తెలుగు బ్రాహ్మల ఇల్లు. ఆ తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే. ఎనిమిదేళ్ల పిల్లోణ్ణి తెచ్చి తిరపతిలో వేసినారు. యాడ? గోవిందరాజస్వామి గుడి గంటలు వినబడే ఊళ్లో, జర్మనీ లూథరన్ దొరలు పెట్టిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ బళ్లో. 1896 నుంచి 1900 దాకా ఆడ చదివినాడు. తర్వాత వేలూరులో వూర్హీస్ కాలేజీ. అది మన ఆర్కాటు మిషన్‌ది, అమెరికా క్రైస్తవులు ఇచ్చిన డబ్బుతో నడిచింది. ఆ తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ.

పొద్దున్నే ఇంట్లో సంధ్య వార్చుకుని బడికొస్తే, బళ్లో మీ మతం తప్పు అని చెప్పే అయివోర్లు. ఆ పిల్లోడి మనసు ఎట్ల నలిగిపోయి ఉంటుందో ఆలోచించండి. ఆ మాటలు తన నమ్మకాన్ని కదిలించినాయని ఆయనే తర్వాత రాసుకున్నాడు. కానీ ఆయన బడి మానలేదు, తిట్టలేదు, రాయి తీసుకోలేదు. పోయి తన పుస్తకాలు తీసి చదివినాడు. ఎంఏ కోసం వేదాంతంలోని నీతి మీద వ్యాసం రాసినాడు, 1908లో అచ్చయింది. వేదాంతంలో నీతికి చోటు లేదన్నవాళ్లకు అది జవాబు. ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నది ఎవరు? ఆయన పంతులు ఏ.జి. హాగ్, మిషనరీయే! తన మతాన్ని కాదని రాసిన శిష్యుణ్ణి మెచ్చుకోగలిగిన ఆ గురువుకు కూడా నేను దండం పెడతా.

1926లో అదే రాధాకృష్ణన్ అమెరికా పోయి చికాగో యూనివర్సిటీలో మతాల మీద ఉపన్యాసాలిచ్చినాడు. ఎవరి చందా డబ్బుతో కాలేజీలో చదివినాడో వాళ్ల దేశానికే పోయి, మా వాకిట్లో ఏముందో మీరు సరిగా చూడలేదు, ఇదిగో చూడండి అని మర్యాదగా చెప్పినాడు. 1963 జూన్‌లో మన రాష్ట్రపతిగా వాషింగ్టన్ పోతే అమెరికా అధ్యక్షుడు కెనడీ ఎదురొచ్చి స్వాగతం చెప్పినాడు. మతానికి సేవ చేసినవాళ్లకిచ్చే టెంపుల్టన్ బహుమతి 1975లో ఆయనకు వచ్చింది. క్రైస్తవులు కానివాళ్లలో దాన్ని మొదట అందుకున్నది ఆయనే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాల. నేను చదివింది తిరపతిలో. ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ 1945లో తిరుమల దేవస్థానం పెట్టింది. 1954లో వచ్చిన యూనివర్సిటీకీ దేవస్థానమే చేయూత. మాదిగపల్లెలో పుట్టిన కిరస్తానీ పిల్లోణ్ణి నేను, ఏడుకొండలవాడి హుండీలో భక్తులు వేసిన సొమ్ముతో చదువుకున్నా. సర్వేపల్లి వారిని క్రీస్తు పేరు చెప్పి అమెరికా పల్లెల్లో వేసిన చందా చదివించింది. నన్ను వెంకన్న పేరు చెప్పి ముడుపు కట్టినవాళ్ల రూకలు చదివించినాయి. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నా కళ్లు చెమ్మగిల్లుతాయి. మాడవీధిలో ఉండే నా క్లాసు స్నేహితుడు వాళ్ల ఇంటికి నన్ను పిలిచి, నడింట్లో తన పక్కన విస్తరేసి కూర్చోబెట్టుకున్నాడు. వాళ్లమ్మ వడ్డించింది. ఆ పూట తిన్న అన్నం నాకు పరిశుద్ధ సంస్కారం కన్నా తక్కువ కాదు.

ఆ కాలేజీ రోజుల్లోనే, అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడే పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ పేరు మేము పేపర్లలో చదివినాం. ఆయన 1959 ఫిబ్రవరిలో మన దేశం వచ్చి నెలరోజులు తిరిగినాడు. నెహ్రూ గారిని కలిసినాడు, అప్పుడు ఉపరాష్ట్రపతిగా ఉన్న మన రాధాకృష్ణన్ గారినీ కలిసినాడు. తిరువనంతపురంలో దళిత పిల్లలు చదివే ఒక బడికి పోతే, హెడ్మాస్టరు ఆయన్ను పిల్లలకు ఎట్ల పరిచయం చేసినాడో తెలుసా? అమెరికాలో మన మాదిరే అంటరానివాడు వచ్చినాడు అని! మొదట ఆయనకు గుచ్చుకుంది. తర్వాత తన జనం బతుకు తలుచుకుని, నిజమే, నేనూ అంటరానివాణ్ణే అనుకున్నాడు. ఈ సంగతిని 1965 జులై 4న, వాళ్ల స్వాతంత్ర్య దినం నాడు, తన చర్చి ప్రసంగంలో ఆయనే చెప్పినాడు. మన వాడకూ ఆయన వాడకూ నడుమ సముద్రాలున్నా బతుకొకటే అని ఆ పిల్లల ముందు తెలుసుకున్నాడు.

1963 ఏప్రిల్‌లో ఆయన్ను బర్మింగ్‌హామ్ జైల్లో పెట్టినారు. ఆడనుంచి రాసిన ఉత్తరం ఎవరికి రాసినాడు? పోలీసులకు కాదు, గవర్నరుకు కాదు. ఎనిమిదిమంది తెల్ల మతపెద్దలకు. నీ పోరాటం న్యాయమే గానీ ఇప్పుడు సమయం కాదు, ఓపిక పట్టు అన్న మంచివాళ్లకు. ఓపిక పట్టమనే మాట కష్టంలేనివాడి నోట ఎంత తేలికగా వస్తుందో ఆ ఉత్తరం చూపించింది. ఆ జాబు గొప్ప సాహిత్యం. పౌలు జైల్లోనుంచి సంఘాలకు రాసిన పత్రికల పక్కన పెట్టి చదవాల్సింది.

అదే ఏడాది ఆగస్టు 28. రాధాకృష్ణన్ గారు పోయొచ్చిన మూడు నెలల లోపే. వాషింగ్టన్‌లో లింకన్ విగ్రహం ముందు రెండులక్షలకు పైగా జనం. కింగ్ తన ప్రసంగం చివర ఒక పాత పాట అందుకున్నాడు. ఏ పాట? ఇందాక గుర్తుపెట్టుకోమన్నా కదా, శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాసిన 'అమెరికా' పాట! నెల్లూరు ఒంటిచుక్కను ఆరిపోకుండా కాపాడిన చెయ్యి రాసిన పాట. ఆ పాట పుట్టినప్పుడు నల్లవాళ్లు దాని లెక్కలో లేరు. ఆ పాటలోని స్వేచ్ఛ మాకూ రావాల, ప్రతి కొండ మీదా మోగాల అని కింగ్ అడిగినాడు. ఒక పాస్టరు రాసిన పాటలోని అర్థాన్ని నూటముప్పై ఏళ్ల తర్వాత ఇంకో పాస్టరు పూర్తిచేసినాడు.

ఆ పోరాటం వల్ల 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం వచ్చినాయి. అదే ఊపులో 1965 అక్టోబరులో వలసల చట్టం మార్చినారు. దానికి ముందు మన దేశం నుంచి అమెరికాలో స్థిరపడేందుకు ఏడాదికి వందమందికే చోటు. పుట్టిన జాతిని బట్టి తలుపు మూసే ఆ పద్ధతి పోయింది కాబట్టే మీ నాయన డాలస్‌లో ఉద్యోగానికి పోయినాడు, నువ్వు ఆడ పెరిగినావు. అమ్మణ్ణీ, నువ్వు ఆ గడప దాటడానికి జైలుకు పోయినవాళ్లు ఉండారు. దాన్ని ఎప్పుడూ మర్చిపోవద్దు.

కెనడీ సంగతి కూడా ఇందులోనే చెప్పాల. ఆయన కాథలిక్కు. 1960లో ఎన్నికల్లో నిలబడితే, పోపు చెప్పినట్టు దేశాన్ని నడుపుతాడేమోనని ప్రొటెస్టెంట్లు భయపడినారు. ఆయన మీ టెక్సాస్‌లోనే, హ్యూస్టన్‌లో, పాస్టర్ల సభకు తానే పోయి నిలబడినాడు. చర్చి వేరు, రాజ్యం వేరు, అధ్యక్షుడికి ఏం చెయ్యాలో ఏ మతగురువూ ఆజ్ఞ ఇయ్యకూడదు, ఏ పాస్టరూ తన సంఘానికి ఎవరికి ఓటెయ్యాలో చెప్పకూడదు అన్నాడు. చర్చి రాజుగారి కుర్చీ పట్టుకుని నడవకూడదు అని కెనడీ చెప్పినాడు. రాజు తప్పు చేస్తే నోరు మూసుకోకూడదు అని కింగ్ చూపించినాడు. రెండూ కావాల. ఒకటి పెట్టుకుని ఇంకోటి వదిలేస్తే దారి తప్పుతుంది.

ఆ కాలంలో అమెరికా మన బళ్లలోకి కూడా వచ్చింది. కేర్ సంస్థవాళ్లు పంపిన పసుపుపచ్చ మొక్కజొన్న రవ్వతో ఉప్మా వండి పెట్టేవాళ్లు. పాలపొడి కలిపి గిన్నెల్లో పోసేవాళ్లు. 1965, 66 కరువుల్లో గోధుమలు ఓడల్లో వచ్చినాయి. నేను అయివోరిగా చేరిన కొత్తల్లో ఆ ఉప్మా కోసమే బడికొచ్చిన పిల్లల్ని చూసినా. వాళ్లలో కొందరు తర్వాత ఆఫీసర్లయినారు. ఆ గింజకు నేను కృతజ్ఞుణ్ణి. అదే దేశం అప్పుడే వియత్నాంలో బాంబులు వేస్తా ఉండింది. కింగ్ 1967 ఏప్రిల్ 4న న్యూయార్కులో రివర్‌సైడ్ చర్చిలో నిలబడి ఆ యుద్ధం పాపమని తన దేశానికే చెప్పినాడు. సొంతవాళ్లు, పేపర్లు, ఆయనకు సాయం చేసిన అధ్యక్షుడు, అందరూ దూరమయ్యారు. సరిగ్గా ఏడాదికి, 1968 ఏప్రిల్ 4న, కాల్చి చంపినారు. తన పక్షానికి కూడా తప్పు తప్పని చెప్పగలిగిన భక్తి ఎంత ఖరీదైందో ఆ రెండు తేదీలే చెప్తాయి.

అమెరికా గురించే చెప్తా ఉండాడు తాత అనుకోవద్దు. మనకూ ఒక మహానుభావుడు ఉండినాడు. గుర్రం జాషువా గారు, 1895లో వినుకొండలో పుట్టిన క్రైస్తవ కవి. 1941లో 'గబ్బిలం' రాసినాడు. గుడిలోకి పోలేని పేదవాడు, గుడిలో వేలాడే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు పంపించుకునే కావ్యం. చూడండి, మొర పెట్టుకున్నది శివుడికి! కిరస్తానీ అని ఒక పక్కవాళ్లు దూరం పెట్టినారు, హిందూ కథలు రాస్తున్నాడని సొంత సంఘంలో పెద్దలు గొణిగినారు. ఆయన ఎవరికీ లొంగలేదు. 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కింగ్ ప్రసంగాలు తెల్లవాళ్ల మనస్సాక్షిని తట్టినట్టు జాషువా పద్యాలు తెలుగు మనస్సాక్షిని తట్టినాయి. నలభై ఏళ్లు ఆ పద్యాలు పాఠం చెప్పినా. ఏ కులం పిల్లోడైనా ఆ పద్యం విని తల వంచుకోకుండా ఉండింది నేను చూడలేదు.

చివరికి మన ఇంటి లెక్క కూడా తేల్చాల. పక్కవాళ్ల పాపం చెప్పి మన పాపం దాచుకోకూడదు. మన సంఘాల్లో మాల గుడి, మాదిగ గుడి అని ఇప్పటికీ ఉండాయా లేదా? పెళ్లి సంబంధం అడిగితే మొదట ఏం అడుగుతారు? వేరే కులం నుంచి వచ్చిన విశ్వాసికి సమాధి దగ్గర చోటు కోసం గొడవలు పడిన ఊళ్లు నాకు తెలుసు. సర్కారు కూడా, 1950 ఉత్తర్వు నుంచి ఇప్పటిదాకా, క్రైస్తవుడైన దళితుణ్ణి ఎస్సీ లెక్కలో చేర్చలేదు. మతం మారితే అంటరానితనం పోయిందన్నట్టు చూస్తుంది. పోలేదు నాయనా. సర్కారును అడిగే హక్కు మనకుంది. ముందు మన బల్ల దగ్గర దాన్ని పోగొట్టుకునే బాధ్యతా మనదే.

అమ్మణ్ణీ, ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తా. యేసు ఏ పార్టీలోనూ లేడు. ఆయన యాడుండాడో తెలుసుకోడానికి నేను ఇన్నేళ్లలో నేర్చుకున్న కొలత ఒకటే. ఒక విశ్వాసం నిన్ను ఎవరి పక్కన కూర్చోబెడతా ఉండాదో చూడు. చాంబర్లేన్ దొర అంటరానివాడి పక్కన కూర్చుని నాడి చూసినాడు, అదీ క్రీస్తే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన క్షయ ఆసుపత్రిలో, ఇంట్లోవాళ్లే దగ్గరికి రాని రోగి మంచం పక్కన నర్సులు కూర్చున్నారు, అదీ క్రీస్తే. మాడవీధిలో తన పక్కన విస్తరేసిన నా స్నేహితుడి తల్లి క్రీస్తు పేరు ఎప్పుడూ పలికి ఉండదు. ఆ పూట ఆయన పని ఆమే చేసింది. ఇదే బైబిలు పట్టుకుని మనిషిని సంతలో అమ్మినవాళ్ల దగ్గర మాత్రం ఆయన లేడు. పీఠం మీద, పాటలో, కానుకల పెట్టెలో ఎంత వెతికినా లేడు.

అందుకని, తిరిగి పోయినాక ఆ రెండు చర్చిలకూ పో. ప్రసంగం అయినాక ఈ ప్రశ్నలు వేసుకో. ఈ మాట విన్నాక నాకు ఎవరిమీద కోపం పెరిగింది? ఎవరిమీద జాలి పెరిగింది? ఈ రోజు వలస వచ్చినవాడు, నల్లవాడు, పేదవాడు, వేరే దేవుడికి మొక్కేవాడు, నా పార్టీకి ఓటెయ్యనివాడు, వీళ్లలో ఎవరినైనా ఇది నా పక్కన కూర్చోబెట్టిందా, లేక దూరంగా లేపేసిందా? లేపేస్తే, అది ఎంత పెద్ద చర్చి అయినా, ఎంత తియ్యగా పాడినా, నువ్వు లేచి వచ్చెయ్. కూర్చోబెడితే ఆడ ఉండు, పని చెయ్, ఓటు మాత్రం పాస్టరు చెప్పినట్టు కాదు, నీ మనస్సాక్షి చెప్పినట్టు వెయ్. ఎవరైనా నీ విశ్వాసాన్ని కాదంటే కోపగించుకోవద్దు. సర్వేపల్లి వారి మాదిరి పోయి నీ పుస్తకాలు ఇంకా బాగా చదువు, తర్వాత మర్యాదగా జవాబు చెప్పు. మీ తమ్ముళ్లకూ ఇదే చెప్తా ఉండా. హైదరాబాదులో ఉన్నా, తిరపతిలో ఉన్నా, ఈ కొలత అన్నిచోట్లా పనికొస్తుంది. మన కులం గుడికే మొదట పట్టండి దాన్ని.